అత్తగారికి ఒక క్షమాపణ

పెళ్లి లేకుండా కలిసి బతికి, ఒక బిడ్డని కని, విడిపోయారు ఇద్దరు. అందులోని మగవాడు క్షమాపణ చెప్పుకుంటూ ఒక పాట రాశాడు. ఆ అమ్మాయికి కాదు, ఆ అమ్మాయి తల్లికి. 2001 ఫిబ్రవరిలో ఆ పాట అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. పేరు 'మిజ్ జాక్సన్'. అట్లాంటాకి చెందిన ఔట్‌కాస్ట్ అనే ఇద్దరు కుర్రాళ్ల హిప్ హాప్ బృందం 2000 అక్టోబర్ 31న విడుదల చేసిన 'స్టాంకోనియా' ఆల్బమ్‌లో అయిదో ట్రాక్ అది. మొదటి వారంలోనే 5 లక్షలకి పైగా అమ్ముడుపోయిన ఆ ఆల్బమ్, తర్వాత ఒక్క అమెరికాలోనే 40 లక్షలకి చేరింది. 2002లో ఉత్తమ రాప్ ఆల్బమ్‌గా గ్రామీ తెచ్చుకుంది. ఈ పాటకి విడిగా ఇంకో గ్రామీ.

ఇన్ని లక్షల మంది డబ్బులిచ్చి కొనుక్కున్న ఆ క్షమాపణ నా చెవిన పడింది మాత్రం 2018లో, అట్లాంటాలో, నా కూతురి కారులో.

నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. జార్జియా అంటే నాకు ఆలిస్ వాకర్ పుట్టిన రాష్ట్రం. 'ద కలర్ పర్పుల్' సిలబస్‌లో లేకపోయినా ఆడపిల్లలకి చదివి వినిపించేదాన్ని. ఆ రాష్ట్రంలో ఆరు నెలలు ఉండాల్సి రావడం మాత్రం సాహిత్యం కోసం కాదు. అమ్మాయి విడాకుల కేసు నడుస్తోంది. మనవడికి అయిదేళ్లు. ఆమె ఆఫీసుకి వెళితే వాణ్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ 'మనిషి' ఎవరో మీకు చెప్పక్కర్లేదు. అమెరికా తెలుగు ఇళ్లలో పురుళ్లకీ, పిల్లల పెంపకానికీ, ఇప్పుడు విడాకులకీ కూడా టిక్కెట్టు కొని పిలిపించుకునేది అమ్మమ్మనే.

అట్లాంటా ఎయిర్‌పోర్టు ఊరికి దక్షిణాన ఉంటుంది. పక్కనే ఈస్ట్ పాయింట్. మనవాళ్లు విమానం దిగి, కారెక్కి, నగరం మధ్యలోంచి తిన్నగా ఉత్తరానికి వెళ్లిపోతారు. ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వైపు, మంచి స్కూళ్లూ పెద్ద పెద్ద ఇళ్లూ గుడీ ఉన్న వైపు. దక్షిణం వైపు చూడనైనా చూడరు. ఈ సంగీతం పుట్టింది ఆ చూడని వైపున. ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ ప్యాటన్ ఇద్దరూ 1975లో పుట్టారు, ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో చదివారు. ఒకతను ఆండ్రే 3000 అయ్యాడు, ఇంకొకతను బిగ్ బోయ్. బృందానికి పెట్టుకున్న పేరు, ఒక్క అక్షరం తేడాతో, 'వెలివేసినవాడు' అని. వెలివాడ అనే మాట ఉన్న భాషలో పుట్టిన మనకి ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

అప్పట్లో రాప్ అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్. దక్షిణాది అంటే మొరటు, వెనకబాటు. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అవార్డుల సభలో వీళ్లు బహుమతి అందుకోవడానికి వేదికెక్కితే జనం గేలి చేశారు. దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని ఆండ్రే ఒక్క మాట అని దిగిపోయాడు. జార్జియాకే చెందిన నల్లజాతి స్త్రీ, అధ్యాపకురాలు రెజీనా బ్రాడ్లీ 2021లో 'క్రానిక్లింగ్ స్టాంకోనియా' అనే పుస్తకం రాశారు. పౌరహక్కుల ఉద్యమం ముగిశాక పుట్టిన దక్షిణాది నల్లజాతి తరం తన గురించి తాను చెప్పుకోవడానికి వెతుక్కున్న భాషగా ఆమె ఔట్‌కాస్ట్‌ని చదువుతారు. మార్టిన్ లూథర్ కింగ్ ఊళ్లో, ఆయన తర్వాత ఏం మిగిలిందో చూస్తూ పెరిగిన పిల్లల భాష.

వీళ్లు పాట నేర్చిన చోటుని 'డంజన్' అంటారు, అంటే చీకటికొట్టు. ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే నిర్మాతల బృందంలోని రికో వేడ్ వాళ్లమ్మ ఇంటి కింద, ఎర్రమట్టి నేల ఉన్న బేస్‌మెంట్ అది. ఆ ఎర్రమట్టి గురించి హిప్ హాప్ చరిత్రకారులు ఎంతో తన్మయంగా రాశారు. నాకు మాత్రం పైన ఇంట్లో ఉన్న తల్లి గురించి తెలుసుకోవాలని ఉంటుంది. రాత్రంతా కింద మగపిల్లలు దరువులు వేస్తుంటే పైన ఎవరు నిద్ర చెడగొట్టుకున్నారు? పొద్దున్నే లేచి పనికి ఎవరు వెళ్లారు? కరెంటు బిల్లు ఎవరు కట్టారు? ఏ ఉద్యమ చరిత్ర చదివినా, ఏ సాహిత్య సమావేశాల జ్ఞాపకాలు చదివినా మనం అడిగే ప్రశ్నలే ఇవి. 'ఆ రోజుల్లో వాళ్లింట్లో తెల్లవార్లూ చర్చలు' అని రాసే మగవాళ్లు, టీ ఎవరు పెట్టారో రాయరు.

ఇక పాట. వెనక కీబోర్డు మీద చర్చి పెళ్లిళ్లలో వాయించే ట్యూన్ నడుస్తుంటుంది. మన సినిమాల్లో క్రైస్తవ పెళ్లి అనగానే వినిపిస్తుందే, అదే. జరగని పెళ్లికి ఆ ట్యూన్. ఆండ్రే చరణం మెత్తగా ఉంటుంది. శాశ్వతం అనుకున్నది శాశ్వతం కాకపోవడం, అయినా బిడ్డ బడికి వెళ్లే మొదటి రోజునా, పట్టా పుచ్చుకునే రోజునా తాను పక్కన ఉంటాననడం. బిగ్ బోయ్ చరణం అలా కాదు. అందులో కోర్టు ఉంది, కస్టడీ ఉంది, డబ్బు ఉంది, తన బిడ్డని రాబడిగా చూస్తున్నారన్న ఉక్రోషం ఉంది. క్షమాపణ పల్లవిలో ఉంది, ఫిర్యాదు చరణంలో ఉంది. ఈ రెండూ ఒకే పాటలో ఇమడటం నాకు వింతగా తోచలేదు. ఆ ఆరు నెలలూ మా అమ్మాయి లాయరు ద్వారా మా ఇంటికి వచ్చిన కాగితాలన్నీ అదే పద్ధతిలో ఉన్నాయి. మొదటి పేరాలో గౌరవం, తర్వాత ఆరోపణలు.

'మిజ్' అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. మిస్ కాదు, మిసెస్ కాదు. పెళ్లితో సంబంధం లేని గౌరవవాచకంగా 1970లలో స్త్రీవాదులు ప్రచారంలోకి తెచ్చిన మాట అది. దక్షిణాది నల్లజాతి ఇళ్లలో పెద్దావిడల పేరు ముందు అలాంటి పిలుపే అంతకుముందు నుంచీ ఉంది. ఎందుకంటే తెల్లవాళ్లు వాళ్లకి ఏ వాచకమూ ఇచ్చేవాళ్లు కాదు. ఎంత వయసొచ్చినా పేరు పెట్టి పిలవడమే. అలబామాలో మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్తని కోర్టులో ప్రాసిక్యూటర్ 'మేరీ' అని పిలిస్తే, మర్యాదగా పిలిచేదాకా జవాబు చెప్పనంది. కోర్టు ధిక్కారం కింద శిక్ష వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. ఒక్క 'గారు' కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మన 'గారు' ఏ గుమ్మం దగ్గర ఆగిపోతుందో, ఏ ఆడవాళ్లకి ఎనభై ఏళ్లొచ్చినా 'ఏమే'నే దక్కుతుందో మనకీ తెలుసు. కాబట్టి ఆ కుర్రాడు పాటలో 'మిజ్' అన్నప్పుడల్లా దాని వెనక ఈ చరిత్ర అంతా ఉంటుంది.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి కూడా. మన భాషలో ఈ పాట పాడినవాణ్ని అల్లుడంటారు, పాడించుకున్నామెని అత్తగారంటారు. పెళ్లి జరిగి ఉంటే. జరక్కపోతే మన భాషలో దానికి వరస లేదు, తిట్టు మాత్రమే ఉంది. అల్లుడు అత్తగారికి క్షమాపణ చెప్పడం మనం ఎక్కడైనా విన్నామా? 'జామాతా దశమగ్రహః' అని నవ్వుతూ చెప్పుకుంటూనే ఆ పదో గ్రహానికి సంక్రాంతికి బట్టలు పెడతాం, అరిసెలు వండుతాం, అలిగితే బతిమాలతాం. మా అమ్మాయి పెళ్లిలో అతని కాళ్లు వాళ్ల నాన్న కడిగారు, చెంబుతో నీళ్లు నేను పోశాను. ఒకసారి అలా కాళ్లు కడిగించుకున్నవాడి నోట్లో 'నన్ను మన్నించండి అత్తయ్యా' అనే వాక్యం ఎలా పుడుతుంది? అందుకే ఆ పాటని మళ్లీ పెట్టమని అడిగాను. మూడోసారి కూడా అడిగేసరికి అమ్మాయి ఆపేసింది.

"నీకెందుకు నచ్చిందో తెలుసా అమ్మా? అందులో అతను నీతో మాట్లాడుతున్నాడు. మరి ఆ అమ్మాయితో ఎవరు మాట్లాడతారు? ఆమెని పక్కన కూర్చోబెట్టి పెద్దావిడతో రాజీ చేసుకుంటున్నాడు. మన పెద్దమనుషుల పంచాయితీలో జరిగేదీ అదేగా!"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అనామకురాలేం కాదు. ఎరికా బాదు. 1997లో 'బాదుయిజం'తో వచ్చి నల్లజాతి సంగీతాన్ని ఒక మలుపు తిప్పిన గాయని. ఆండ్రేతో ఆమెకి అదే ఏడాది కొడుకు పుట్టాడు. వాళ్లమ్మ ఇంటిపేరు జాక్సన్ కాదు, పాట కోసం పెట్టిన పేరు అది. 2016లో ఒక ఇంటర్వ్యూలో బాదు ఈ పాట గురించి మాట్లాడింది. ఆండ్రే చరణం నిజాయితీగా ఉందని సంతోషపడిందట, బిగ్ బోయ్ చరణం మాత్రం గుచ్చుకుందట. మరి వాళ్లమ్మ? ఆవిడకి పాట తెగ నచ్చేసిందట. 'మిజ్ జాక్సన్' అని కారుకి నెంబరు ప్లేటు, ఆ పేరుతో కప్పు, పెన్ను, తలకి కట్టుకునే పట్టీ, అన్నీ సంపాదించుకుందట.

అంటే కూతురికి గుచ్చుకుంది, తల్లికి నచ్చింది. మా కారులో జరిగిందే. దీన్ని తల్లుల బలహీనత అనుకుంటే సరిపోదని నాకనిపిస్తుంది. అమ్మమ్మ చాకిరీ ఎవరి లెక్కలోనూ ఉండదు. కోర్టు కాగితాల్లో తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు, బిడ్డ ఉంటుంది. బిడ్డకి అన్నం పెట్టి, కూతురి ఏడుపు విని, రాత్రి తలుపు గడియలు సరిచూసుకుని పడుకునే మూడో మనిషి ఉండదు. ఆ మనిషికి కోపం వచ్చే హక్కు ఉందని ఒక పాట ఒప్పుకుంటే, ఆవిడ కప్పు కొనుక్కుందంటే, నాకు ఆవిడ మీద నవ్వు రాదు.

అయితే ఆ పాట ఒంటరిగా లేదు. 24 ట్రాకుల ఆల్బమ్ అది. అమ్మాయి ఆఫీసుకీ మనవడు బడికీ వెళ్లాక మొత్తం విన్నాను, రోజుకి కొంచెం. పద్నాలుగో ట్రాక్ పేరు 'వీ లవ్ దీజ్ హోజ్'. అందులో ఆడవాళ్లంటే లంజలే, తెలుగులో ఇంకో మర్యాద మాట దొరకదు. అమ్మమ్మ కాళ్ల దగ్గర మోకరిల్లిన ఆల్బమే పది పాటలు తిరక్కుండా ఈ మాటకి వచ్చింది. ఇరవై ఒకటో ట్రాక్ 'టాయిలెట్ టిషా', గర్భవతి అయిన 14 ఏళ్ల పిల్ల విషాదం. అంత దయగా, అంత దిగులుగా ఉన్న పాట ఆ ఆల్బమ్‌లో మరొకటి లేదు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుని కొట్టేశాక, ఇంచుమించు ఆరు వారాలు దాటితే గర్భస్రావం కుదరదనే చట్టం జార్జియాలో అమల్లోకి వచ్చింది. ఆ పాటలోని పిల్లని ఇప్పుడు తలుచుకుంటే ఇంకా దిగులేస్తుంది.

తల్లి అయితే క్షమాపణ, నలిగిపోయిన చిన్నపిల్ల అయితే కన్నీరు, కోరికతో తిరిగే ఆడది అయితే లంజ. ఈ మూడు గదుల ఇల్లు మనకి కొత్తది కాదు. కన్యాశుల్కం నుంచి మన సాహిత్యమంతా ఈ గదుల మధ్యే తిరిగింది. 'స్టాంకోనియా'ని ఇక్కడితో కొట్టిపారేద్దామంటే ఆ గదుల్లో ఇమడని ఆడగొంతులు కూడా అందులోనే వినిపిస్తాయి. పదో ట్రాక్‌లో మెంఫిస్ రాపర్ గాంగ్‌స్టా బూ (2023 జనవరిలో చనిపోయింది) పడకగదిలో తనకేం కావాలో ఏ సిగ్గూ లేకుండా చెప్తుంది. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పుడు మన పండితులు ఎందుకు ఉలిక్కిపడ్డారో గుర్తున్నవాళ్లు ఆమెని వినాలి. ఇక ఆ పద్నాలుగో ట్రాక్ అయిన మరుక్షణం వచ్చే పదిహేనో ట్రాక్, 'హంబుల్ మంబుల్'. అందులో పాడింది ఎరికా బాదు. అప్పటికే విడిపోయిన మనిషి ఆల్బమ్‌కి వచ్చి, తన గొంతుతో తాను పాడి వెళ్లింది. ఫిర్యాదు లేదు, జవాబు లేదు, క్షమాపణ స్వీకరించడమూ లేదు. పని చేసింది. ఈ సంగతి చెప్తే మా అమ్మాయి మొదటిసారి ఆ ఆల్బమ్ మీద ఆసక్తి చూపించింది.

ఈ రెండు ట్రాకుల మధ్య బతకడం ఎలా అన్నదాని మీద నల్లజాతి స్త్రీవాదులు ఎంతో ఆలోచించారు. హిప్ హాప్ స్త్రీద్వేషం ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, అమెరికన్ పితృస్వామ్యమంతటిదీ అయిన జబ్బుని నల్ల కుర్రాళ్ల నెత్తిన మాత్రమే రుద్దడం కుట్రేననీ 1994లోనే బెల్ హుక్స్ రాశారు. 1999లో జోన్ మోర్గన్ 'హిప్ హాప్ స్త్రీవాదం' అన్న మాట తెచ్చారు. తాను ప్రేమించే సంగీతమే తనని అవమానిస్తుంటే, ప్రేమనీ వదలకుండా అవమానాన్నీ మింగకుండా మాట్లాడగలిగే స్త్రీవాదం కావాలన్నారు. 2004లో అట్లాంటాలోనే స్పెల్మన్ కాలేజీ అమ్మాయిలు, ఆడవాళ్ల శరీరాలని నీచంగా చూపించిన వీడియో మీద నెల్లీ అనే రాపర్ని నిలదీస్తే, అతను కాలేజీలో పెట్టదలచిన ఎముక మజ్జ దాతల శిబిరమే ఆగిపోయింది. క్యాన్సర్‌తో ఉన్న అతని సోదరి కోసమూ తలపెట్టిన శిబిరం అది. ఆ అమ్మాయిలు ఎంత కష్టమైన చోట నిలబడ్డారో ఆలోచించండి.

'అమ్మమ్మ' కూడా వాళ్లకి అమాయకమైన బొమ్మ కాదు. 1965లో డేనియల్ ప్యాట్రిక్ మొయినిహాన్ అమెరికా కార్మిక శాఖలో ఉండగా రాసిన నివేదిక, నల్లజాతి కుటుంబాల కష్టాలకి ఆడవాళ్ల పెత్తనం ఒక ముఖ్య కారణమని తేల్చింది. బానిసత్వం, కూలి రేట్లే కాదు, అమ్మమ్మలు కూడా! 1987లో హార్టెన్స్ స్పిల్లర్స్, 1990లో ప్యాట్రిషియా హిల్ కాలిన్స్ ఆ వాదాన్ని చీల్చి చెండాడారు. దాని మూలం వెనక్కి వెళితే 1662 వర్జీనియా చట్టంలో ఉంది. బిడ్డకి తల్లి స్థితే వస్తుందని ఆ చట్టం. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి యజమానే అయినా. అక్కడ బిడ్డ తల్లిది, ఎందుకంటే తల్లి ఇంకొకరి ఆస్తి. మన దగ్గర బిడ్డ తండ్రి ఇంటిది. 1956 చట్టం తండ్రిని మొదటి సహజ సంరక్షకుడిగానూ, 'అతని తర్వాత' తల్లినీ పెట్టింది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో మన సుప్రీంకోర్టు ఆ 'తర్వాత'కి 'అతను చూసుకోనప్పుడు' అనే అర్థం కూడా వస్తుందని చెప్పేదాకా అది అంతే. చట్టం మారినా మా బంధువులు మారలేదు. "పిల్లాడు వాళ్ల వంశం కదమ్మా, నువ్వెందుకు మోయడం?" అని ఫోన్ చేసి మరీ అడిగారు.

ఔట్‌కాస్ట్ జీవితంలో ఇంకో పెద్దావిడ కూడా ఉంది. 1998 ఆల్బమ్ 'అక్వెమిని'లో ఒక పాటకి రోజా పార్క్స్ పేరు పెట్టారు. పాట ఆమె గురించి కాదు. తన పేరుని అనుమతి లేకుండా వాడుకున్నారని 1999లో ఆమె తరఫున దావా పడింది. ఆమెకి అప్పుడు 86 ఏళ్లు. ఆ దావా నిజంగా ఆమె కోరికేనా అని ఆమె బంధువుల్లోనే కొందరు అడిగారు. 2005 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. కొంత డబ్బు, ఆమె జీవితాన్ని పిల్లలకి తెలియజెప్పే కార్యక్రమాలకి సాయం. తప్పు ఒప్పుకోవడం మాత్రం లేదు. ఆ అక్టోబర్‌లో ఆమె చనిపోయింది. ఒక పెద్దావిడకి పల్లవి నిండా క్షమాపణ, ఇంకో పెద్దావిడకి లాయర్లు. పాటలో సారీ చెప్పడానికి ఖర్చు లేదు, పైగా రాబడి. కోర్టులో చెప్తే బాధ్యత వస్తుంది. ఇది చదివాక నేను 'మిజ్ జాక్సన్'ని తక్కువగా ప్రేమించానని చెప్పను. కానీ దాని ధర తెలిసింది.

2019లో విడాకులు వచ్చాయి. మనవడు అమ్మ దగ్గర, వారం విడిచి వారం శనాదివారాలు నాన్న దగ్గర. నేను తిరిగొచ్చేశాను. 2021లో, కోవిడ్ రెండో వేవ్ రోజుల్లో, ఒక రాత్రి పదకొండు గంటలకి అతని ఫోన్ వచ్చింది. వాళ్ల నాన్నగారు పోయారని నాకు తెలుసు, అందుకే ఎత్తాను.

"అత్తయ్యా, మిమ్మల్ని చాలా బాధపెట్టాను," అన్నాడు.

నేను మూడేళ్లుగా ఎదురుచూసిన వాక్యం. ఎలా ఉంటుందో ఊహించుకున్న వాక్యం. అతని గొంతు నిజంగానే వణికింది. నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, దాచడం ఎందుకు.

"నాకు కాదు బాబూ. చెప్పాల్సింది అమ్మాయికి."

"తను నా ఫోన్ ఎత్తదు అత్తయ్యా."

"ఎత్తదు," అన్నాను. "రాయి. ఉత్తరం రాయి. చదువుతుందో లేదో దాని ఇష్టం."

కాసేపు వాళ్ల నాన్నగారి సంగతులు మాట్లాడుకుని పెట్టేశాం. మర్నాడు అమ్మాయికి చెప్పాను, ఒక్క మాట కూడా వదలకుండా. అంతా విని, "వాడి సమ్మర్ క్యాంపు డబ్బుల గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగింది.

అనలేదని చెప్పాను.